కుక్కకు తలంటు ఎన్నినాళ్ల కొకమారు?



ఇంట కుక్కను బెంచుకొనువారు మన పట్టణములలో నానాటికి హెచ్చుచున్నారు. ఒకప్పుడు కుక్క యనగా వీధి యరుగు క్రిందనో, పెరటి గడ్డివామి చెంతనో పడియుండి, మిగిలిన యన్నము దిని, రాత్రులు మొరుగునది. దానికి స్నానమను మాటయే లేకుండెను. వానకు తడియును, ఎండకు ఆరును. నేడు అదే కుక్క నాలవ యంతస్తులోని మూడు గదుల యింట పిల్లల మంచము క్రింద పరుండుచున్నది. ఇల్లు తుడిచి, గడప కడిగి, దేవుని గదిలో దీపము వెలిగించు ఇల్లాలికి దాని వాసనయు, రాలిన రోమములును, కాళ్ల బురదయు కంటికి గనబడకుండునా? అందుచే ననేక గృహములలో జరుగుచున్న పని యేమన, శనివారము మగవారి తలంటు ముగిసిన వెంటనే, మిగిలిన వేడినీటితో, ఆ సబ్బుబిళ్లతోనే, కుక్కకును నీళ్లు పోయుట. కొందరు వారమున కొకమారు చాలదని రెండుమార్లు పోయుచున్నారు.

ఇందు ప్రేమ యున్నది, శ్రద్ధ యున్నది. కుక్కకు మేలు మాత్రము లేదు. ఇట్లు కొన్ని నెలలు జరుగునప్పటికి అది గోకికొన మొదలిడును. గోకిన చోట వెండ్రుకలు రాలును, తోలు ఎఱ్ఱబారును. స్నానము చాలలేదు కాబోలునని మరియొక స్నానము పోయుదురు. దానితో దురద మరింత హెచ్చును. తుదకు దానికి గజ్జికుక్క యను పేరు వచ్చును. పిల్లల కంటుకొనునేమో యను భయము పుట్టును. ఒకనాడు దానిని బండిలో నెక్కించుకొనిపోయి ఊరి చివర విడిచివచ్చుటయు జరుగును. మెడపట్టెతో వీధులవెంట దిక్కుతోచక తిరుగాడు జాతికుక్కలను మీరును చూచియుందురు. వానిలో కొన్నింటి కథ యిదియే. భారతము చదివిన సోదరీమణులకు సరమ వృత్తాంతము జ్ఞాపకముండును గదా. జనమేజయుని యజ్ఞభూమికి వచ్చిన దాని బిడ్డను, ఏ తప్పును చేయకున్నను, కొట్టి తరిమిరి. తల్లి వచ్చి నిలదీసినది. మన యిండ్లలోని ఈ మూగజీవముల పక్షమున నిలదీయుటకు తల్లియు లేదు.

కావున అడిగినదానికి ముందుగా సూటిగా బదులు చెప్పెదను. ఆరోగ్యముగా నుండి, ఎక్కువ కాలము ఇంటిపట్టున మెలగు కుక్కకు నెలకొకమారు సబ్బుస్నానము చాలును. కురుచ వెండ్రుకలుగల నాటుకుక్కకు 6, 8 వారముల కొకమారైనను లోటు లేదు. బురదలో పొర్లినప్పుడును, దుర్గంధమైనదానిని పూసికొని వచ్చినప్పుడును ఈ లెక్క చూడక వెంటనే కడుగవలసినదే. పశువైద్యుడు చర్మవ్యాధికై మందు షాంపూ వ్రాసి, వారమునకు ఇన్నిమార్లని చెప్పిన, ఆయన మాటయే ప్రమాణము. అది స్నానము గాదు, చికిత్స.

మన చర్మమునకును కుక్క చర్మమునకును గల భేదము తెలిసిన ఈ లెక్క యెందులకో బోధపడును. మన పైచర్మము సుమారు 10 మొదలు 15 కణముల పొరలు గలది. కుక్కకు 3 మొదలు 5 పొరలే యుండును. వెండ్రుకల దట్టమును జూచి క్రింది తోలును మొరటుదని యెంచుట పొరపాటు. మన యొడలు కొంచెము ఆమ్లగుణము గలదై 5.5 అను ప్రమాణము దరిదాపున నుండగా, కుక్క యొడలు ఆమ్లమును క్షారమును గాని 7 చేరువ నుండును. మనము రుద్దుకొను సబ్బుబిళ్లయో, 9, 10 ప్రమాణముల క్షారము. మన దళసరి చర్మము దానిని కొంతవర కోర్చుకొనును. పలుచని తోలున కది కష్టము. మరియు మనకు ఎండవేళ ఒడలెల్ల చెమట కారును గనుక నిత్యస్నానము లేనిదే గడువదు. కుక్కకు మనవలె చెమట కారునది అరికాళ్ల మెత్తలయందు మాత్రమే. తక్కిన వేడిని అది నాలుక చాచి వగర్చుచు పోగొట్టుకొనును. దాని వెండ్రుకల మొదళ్లనుండి యొక సన్నని జిడ్డు ఊరుచుండును. తోలు పగులకుండను, నీరు లోనికి దిగకుండను కాపాడునది ఆ జిడ్డే. సబ్బు దానిని తొలగించును. అది మరల ఊరుటకు కొన్నినాళ్లు పట్టును. ఊరులోపలనే మరల రుద్దినచో తోలు ఎండి, తెల్లని పొట్టు రాలి, దురద పుట్టును. కుక్క పైచర్మము అడుగునుండి పెరిగి క్రొత్తదగుటకు ఇంచుమించు 3 వారములు పట్టునని తెలిసికొనిన, వారము వారమును దానిని గీకి కడుగుట యెంత తొందరపాటో తెలియగలదు.

అయిన వాసన మాటేమందురా? ఇదియే గృహిణులను ఎక్కువగా బాధించు సంగతి. కొంచెము నిదానముగా విచారింతము. కుక్కయొద్దనుండి వాసన వచ్చునపుడు అది యెచ్చటనుండి వచ్చుచున్నదో ముక్కుతో వెదకవలెను. ముఖము దాపున నున్నచో పండ్లు పాచిపట్టి చిగుళ్లు చెడి యుండవచ్చును. ఎన్నిమార్లు నీళ్లు పోసిన నోటి కంపు పోవునా? చెవి యెత్తి చూచిన పులిసిన వాసనయు, నల్లని గుల్లయు కనబడిన అది చెవిరోగము. తోక క్రింద చేపవాసనవంటి దున్నచో, అచ్చట నుండు రెండు చిన్న గ్రంథులు నిండియున్నవని యెరుగవలెను. అట్టి కుక్క పిరుదులను నేలకు రాచుచు ఈడ్చుకొనుచు పోవును. ఇవి మూడును వైద్యుని పనులు. ఇక వేళ్ల సందులలోను, మెడ క్రిందను, చంకలలోను ముక్కిన జిడ్డువాసన వచ్చి, తోలు నల్లబడి మందమైనచో, అచ్చట శిలీంధ్రము పెరుగుచున్నది. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణముల వంటి తేమగల తీరప్రదేశములలో నిది మిక్కుటము. నీళ్లు పోసి సరిగా ఆరబెట్టకపోవుటయే దీనికి మంచి యెరువు. అనగా వాసన పోవుటకై పోసిన స్నానమే వాసనను తెచ్చుచున్నదన్నమాట. ఈ నాలుగును గాక, ఒడలంతట సాధారణముగా నుండు కుక్కవాసన మాత్రము దాని స్వభావము. అది పూర్తిగా పోవలెనన్న, కుక్కను పెంచుకొనకుండుట యొక్కటే మార్గము.

నిజమునకు కుక్క శుభ్రత నీటిలో గాక దువ్వెనలో నున్నది. దినమునకు పది నిమిషములు దువ్వినచో దుమ్మును, రాలబోవు వెండ్రుకలును దువ్వెనకే వచ్చును. చర్మపు జిడ్డు వెండ్రుకల కొనలవరకు ప్రాకి నిగనిగలాడును. పిడుదులు, పుండ్లు, గడ్డలు నాడే కంటబడును. నేలమీదను పరుపులమీదను రాలునది తగ్గును గనుక ఇల్లు తుడుచు చేతులకును శ్రమ తగ్గును. బొచ్చు పొడవైన షీట్జు, లాసా జాతులవారికి దువ్వెన తప్పనిసరి. వానికి 2, 3 వారముల కొకమారు స్నానము చేయింపవచ్చును, వెండ్రుకలు ఎడతెగక పెరుగును గనుక. పామరేనియను, స్పిట్జు, హస్కీలకు పైన నొక పొర, లోపల దూదివంటి మరియొక పొర యుండును. లోపలి పొర తడిసిన నొకపట్టున ఆరదు గావున, వానికి నెలకు మించి పోయకుండుటయే మేలు. వేసవి వచ్చినదని వీనికి బొచ్చు నున్నగా గొరిగించుచున్నారు. అది సరికాదు. ఆ పొరలే ఎండ నేరుగా తోలును తాకకుండ కాపాడుచున్నవి. లాబ్రడారునకు నీరన్న నెంతో ప్రీతి. చెరువు చూచిన దుముకును. దాని సరదాకు ఉత్తనీరు పోసిన దోషము లేదు, సబ్బు వలదు. మే నెలలో విజయవాడ, రామగుండముల యెండకు తాళలేక వగర్చు ఏ కుక్కకైనను పొట్టను, పాదములను చల్లని నీట తడిపి గాలి తగులనిచ్చుట ప్రాణరక్షణమే గాని స్నానముగా లెక్కింపనక్కరలేదు.

ఇక స్నానము చేయించు విధము. ముందు దువ్వి చిక్కులు తీయవలెను. తడిసిన చిక్కు బిగిసి జడకట్టును. పిదప కత్తెరయే గతి. స్నానాల గదిలోని నున్నని పలకలమీద కుక్క కాళ్లు జారును, జారుటచే భయపడును, భయపడుటచే పెనుగులాడును. ఒక గోనెపట్టాయో, రబ్బరు చాపయో పరచిన సగము గలాటా తగ్గును. నీరు గోరువెచ్చగా నుండవలెను. మనము తలంటికి వాడు వేడి దానికి కూడదు. ఇచ్చట నొకమాట: కుక్క యొడలు సహజముగానే 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వేడి గలది. చేయి వేసి చూచి జ్వరమని కంగారుపడవలదు. నీళ్లు మెడనుండి వెనుకకు పోయవలెను. ముఖమును తడిగుడ్డతో తుడిచిన చాలును. చెవులలోనికి నీరు పోనీయరాదు. వ్రేలాడు చెవులుగల కుక్కల విషయమున మరింత జాగ్రత్త. కుక్కలకై చేసిన షాంపూను కొంచెము నీటిలో కలిపి, మెత్తగా రుద్ది, నురుగు పూర్తిగా పోవువరకు కడుగవలెను. తోలున నిలిచిన నురుగే తరువాతి దురదకు మూలము. రుద్దిన సమయమునకు రెండింతలు కడుగుటకు పట్టినను తొందరపడరాదు. మందు షాంపూ అయినచో సీసాపై వ్రాసినంత సేపు, సామాన్యముగా 10 నిమిషములు, ఒంటిపై నుంచి కడిగిననే గుణమిచ్చును. చాలమంది పూసిన వెంటనే కడిగివైచి మందు పనిచేయలేదందురు.

ఆరబెట్టుట అన్నింటికంటె ముఖ్యము. రెండు పొడి తువాళ్లు సిద్ధముగా నుంచుకొని, పొట్టక్రింద, చంకలలో, వేళ్ల సందులలో నొత్తి తుడువవలెను. వేడిగాలి యంత్రమును కడు తక్కువ వేడికి త్రిప్పి, దూరమున పట్టవలెను. పలుచని తోలు త్వరగా కాలును. ఎండ చక్కగా కాయు పూట, పది గంటల ప్రాంతమున స్నానము చేయించిన ఈ శ్రమ సగము తగ్గును. ముసురుపట్టిన దినములలో స్నానము మానుకొని, బయట తిరిగివచ్చిన పాదములను మాత్రము కడిగి పొడిగా తుడువవలెను.

పిడుదుల సంగతి వేరుగా చెప్పకతప్పదు. వీనిని కొన్ని సీమలలో గోమార్లందురు. కుక్కకు పిడుదులు పట్టినవని దినము విడిచి దినము నీళ్లు పోయుచున్నవారున్నారు. పిడుదు నీటిలో గంటలకొలది మునిగియుండినను చావదు. మరియు మనము చూచునవి కుక్కమీద నున్నవి మాత్రమే. రక్తము త్రాగి ఉబ్బిన ఆడుపిడుదు క్రిందికి రాలి, గోడ పగుళ్లలోను, తలుపు చట్రముల వెనుకను దూరి, వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కడుగవలసినది కుక్కకంటె ముందు దాని పడక, పూడ్చవలసినవి గోడ పగుళ్లు. ఈ పిడుదు కాటుచే కుక్కలకు వచ్చు జ్వరము మిక్కిలి చెడ్డది. అన్నము ముట్టక, నీరసించి, చిగుళ్లు పాలిపోయి, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును. ఈ లక్షణములు చూచిన మరునాటికి వాయిదా వేయరాదు. కనబడిన పిడుదును సన్నని పట్టకారుతో తోలునకు ఆనించి పట్టి తిన్నగా పైకి లాగవలెను. వ్రేళ్లతో నలుపరాదు, అగ్గిపుల్లతో కాల్చరాదు.

పిడుదులకు వైద్యు లిచ్చు మందులు రెండు విధములు. మెడమీద తోలుపై వేయు చుక్కలు తోలులోని జిడ్డుతో కలిసి ఒడలెల్ల ప్రాకి పనిచేయును. ఆ చుక్కలు వేయుటకు 2 దినములు ముందును, వేసిన పిమ్మట 2 దినములును స్నానము కూడదు. వారము వారము సబ్బు రుద్దు ఇంట ఆ మందునకు వెచ్చించిన డబ్బు మోరీపాలగును. రెండవది లోనికిచ్చు మాత్ర. కొన్ని నెలకొకటి, కొన్ని 12 వారముల కొకటి. వీనికి స్నానముతో పనిలేదు. ఇంట పిల్లి యున్నచో కుక్క చుక్కల విషయమున వైద్యునితో ఆ సంగతి తప్పక చెప్పవలెను. పెర్మెత్రిన్ గలిసిన మందు కుక్కకు మేలు చేసినను పిల్లికి ప్రాణాంతకము.

మన వంటింటి, పెరటి మందులలో దేనిని వాడవచ్చునని చాలమంది యడుగుదురు. ఒక్క సూత్రము జ్ఞాపకముంచుకొనిన చాలును: కుక్క ఒంటికి పూసిన దెల్లయు కొంతసేపటికి దాని కడుపులోనికి పోవును, నాకికొనుట దాని గుణము గనుక. కిరసనాయిలు పూయుట క్రూరము. ఫినాయిలు నీటితో కడుగుట విషప్రయోగమే. గచ్చు కడిగిన ఫినాయిలు ఆరకమునుపు దానిపై నడువనిచ్చుటయు మంచిది కాదు. పొలములకు చల్లు పురుగుమందు పొడులను చేతబట్టనే వలదు. అవి కుక్కకే గాక దానిని ముద్దాడు బిడ్డలకును అపాయము. కుంకుడుపులుసు మన తలకు మంచిదే. కంటిలో పడిన మంట యెట్టిదో మనకు చిన్ననాటినుండి తెలియును. మనము కన్నులు గట్టిగా మూసికొందుము. అట్లు మూసికొమ్మని కుక్కతో చెప్పుట సాధ్యమా? సున్నిపిండి దట్టమైన బొచ్చులో చిక్కి పూర్తిగా వదలదు. టీట్రీ తైలమని సీసాలలో నమ్ము నూనె కుక్కలకు విషము.

ఇంట నెవరికైనను కుక్క రోమములవలన తుమ్ములో ఉబ్బసమో వచ్చుచున్నచో, తరచు కడిగిన తగ్గునని కొందరి యాశ. కడిగినప్పుడు తగ్గుట నిజమే కాని, కొద్ది దినములలోనే యది మునుపటివలె నగును. ఆ లెక్కను నమ్ముకొని వారమునకు రెండుమార్లు కడిగినచో కుక్క తోలు చెడును. రోగి పరుండు గదిలోనికి కుక్కను రానీయకుండుట, పక్కబట్టలను వేడినీట ఉతుకుట, ఉబ్బసమునకు వైద్యుని మందు వాడుట అంతకంటె నయము.

రెండు నెలలు నిండని కూనకు స్నానము వలదు. అది తన వేడిని నిలుపుకొనలేదు. మురికియైన చోట తడిగుడ్డతో తుడిచి పొడిగా నొత్తిన చాలును. ఆ వయసు దాటిన పిదప మొదట ఉత్త బక్కెటను, చెంబును చూపి, చప్పుడుకు అలవాటుచేసి, కొంచెము తినుటకు పెట్టి మంచిచేసికొనవలెను. కూనగా నున్నపుడు భయపడనిది పెద్దయైన పిదప నలుగురు పట్టుకొనవలసిన యవస్థ తేదు. ముసలి కుక్కకు కీళ్లనొప్పు లుండును. నిలువబెట్టి పోయక, పరుండనిచ్చి గుడ్డతో కడుగవచ్చును.

స్నానపు పెనుగులాటలో పెంపుడు కుక్కయైనను పన్ను తగిలించుట కలదు. చిన్నగీటయినను సబ్బుతో ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను; పసుపో, సున్నమో, కారమో అద్దరాదు. కుక్కకు మూడవ నెలనుండి పిచ్చివ్యాధి టీకా వేయించి, యేటేట మరల వేయించుచుండుట ఇంటివారికిని అభయము. పనికత్తెచే కుక్కకు నీళ్లు పోయించు ఇండ్లలో ఈ సంగతి ఆమెకును చెప్పియుంచుట యజమానురాలి బాధ్యత.

ఒకటి రెండు స్నానములు మానినను దురద తగ్గక, గోకిన చోట పుండ్లు పడుచున్నచో ఇంటి వైద్యములతో కాలయాపన చేయవలదు. సన్నని పురుగులవలన వచ్చు గజ్జియు, తిండి పడకపోవుటచే వచ్చు దురదయు, శిలీంధ్రమును చూపునకు ఒకేరీతి నుండును. తోలును కొంచెము గీకి సూక్ష్మదర్శినిలో చూచినగాని భేదము తెలియదు. ఇది పెద్ద ఖర్చుగల పరీక్ష కాదు. ప్రభుత్వ పశువైద్యశాలలు గలవు. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలలలో కుక్కలకును చికిత్స చేయుదురు. వ్యాధి పేరు తెలిసిన పిమ్మట చాలవరకు నయమగును. ఊరి చివర విడిచిపెట్టవలసినంత రోగము వానిలో లేదు.

కుక్క తువాలును, దువ్వెనను వేరుగా నుంచుడు. అది పరుండు గోనెనో, పాతదుప్పటినో మాత్రము వారమున కొకమారు తప్పక వేడినీట నుతికి ఎండలో ఆరవేయుడు. శనివారపు వేడినీళ్లు మిగిలినచో దానికి వాడుడు.